బస్తర్‌లో ఇల్లు, అద్దె, ఆతిథ్యం

అద్దె సమస్య అనగానే మనకు మహానగరాలు గుర్తుకు వస్తాయి. కాని అది మహానగరాలకే పరిమితమైనది కాదు. ఒక కర్మాగారం వెలసిన చోట, ఒక జలపాతం యాత్రికులను ఆకర్షించిన చోట ఇంటి గదికి విలువ పెరుగుతుంది. పెరిగిన ఆ విలువ ఎవరి చేతికి చేరుతున్నది? ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తర్ ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ప్రదేశం.

బస్తర్ తెలుగువారికి పరాయిది కాదు. చిత్రకోట్ వద్ద జలపాతమై దూకే ఇంద్రావతి చివరకు గోదావరిలో కలుస్తుంది. బైలడిలా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. జగదల్‌పూర్ సమీపాన నగర్నార్‌లో ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మించిన ఉక్కు కర్మాగారం 2023 అక్టోబరు 3న జాతికి అంకితమైనది. 75 దినాలపాటు సాగే బస్తర్ దసరా దూరప్రాంతాల వారిని సైతం రప్పిస్తుంది.

ఉద్యోగి, వ్యాపారి, విద్యార్థి, యాత్రికుడు — వీరందరికీ గది కావాలి. గదులు పెరగక, కోరేవారు మాత్రమే పెరిగితే అద్దె పెరుగుతుందన్నది ఆర్థికశాస్త్రంలోని తొలిపాఠం. ఇందులో మరొక మెలిక ఉన్నది. ఒకే గదిని నెల అద్దెకు కుటుంబానికి ఇవ్వవచ్చు. దినానికింత అని యాత్రికునికీ ఇవ్వవచ్చు. రెండవ దానిలో లాభం హెచ్చుగా కనిపించినప్పుడు యజమాని మనస్సు అటు మొగ్గడం సహజం. అప్పుడు స్థిరంగా నివసించేవారికి దొరికే ఇండ్లు తగ్గిపోతాయి.

పట్టణంలో ఇందుకు ఏ రక్షణ ఉన్నది? 1961 నాటి వసతి నియంత్రణ చట్టం స్థానే ఛత్తీస్‌గఢ్ 2011లో అద్దె నియంత్రణ చట్టాన్ని తెచ్చింది. తొలుత జిల్లా కేంద్రాలైన పురపాలక ప్రాంతాలకు దానిని వర్తింపజేశారు. అద్దె ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలన్నది అందులోని ముఖ్య నియమం. వివాదాలను అద్దె నియంత్రణాధికారి, ఆపైన ట్రిబ్యునల్ విచారిస్తారు. ట్రిబ్యునల్ తీర్పుపై నేరుగా సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చునన్న నిబంధన మాత్రం రాష్ట్ర శాసనసభ అధికార పరిధిలోనిది కాదని 2019లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ఈ చట్టంలో గమనింపదగిన షరతు ఒకటి ఉన్నది. ఆరు నెలల నోటీసు ఇచ్చి, కారణం చెప్పకుండానే ఇల్లు ఖాళీ చేయించమని యజమాని కోరవచ్చు. కాని అటుపై కనీసం 12 నెలలపాటు ఆ వసతిని హెచ్చు అద్దెకు ఇవ్వరాదు. అద్దె పెంచుకోవడానికే ఉన్నవారిని వెళ్లగొట్టే ధోరణికి ఇది అడ్డుకట్ట. అయితే యజమానికి, కిరాయిదారుకు మధ్య గల సంబంధమే ఈ చట్టానికి పునాది. రెండు రాత్రులు బస చేసి వెళ్లే అతిథి కిరాయిదారు కాడు. కనుక స్వల్పకాలిక బసకు వేరే నియమాలు అవసరమవుతాయి.

ఇక పల్లెలకు వద్దాం. కాంగేర్ లోయ జాతీయోద్యానంలోని ధుడ్‌మారాస్ గ్రామం 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ వారి ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంపికైన 20 గ్రామాలలో ఒకటి. ఇక్కడ గిరిజన కుటుంబాలు తమ ఇండ్లలోనే అతిథులకు బస, భోజనం సమకూరుస్తున్నాయి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం 2025–30 కాలానికి హోమ్‌స్టే విధానాన్ని ఆమోదించి, బస్తర్, సర్గుజా ప్రాంతాలపై ప్రత్యేక దృష్టి నిలిపింది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ఆదాయం కనిపించిన చోటికి పెట్టుబడి పరుగెత్తుతుంది. ఛత్తీస్‌గఢ్ భూమి రెవెన్యూ స్మృతి, 165(6) సెక్షను, గిరిజన ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల గిరిజనుల భూమిని అమ్మకం ద్వారా గాని, మరొక విధంగా గాని గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని నిషేధిస్తున్నది. ఇదే రైలు మార్గంలో ఉన్న అరకు, బొర్రా ప్రాంతాలను ఎరిగిన పాఠకులకు ఇది కొత్త కాదు. అక్కడ 1/70గా ప్రసిద్ధమైన నిబంధన అమలులో ఉన్నది. కౌలుకిచ్చినా అది బదిలీయే అవుతుందని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాని పట్టాపై పేరు నిలిచినంత మాత్రాన ఇంటివారి హక్కు నిలిచినట్లు కాదు. పేరు గిరిజనునిది, లెక్కల పుస్తకం మరొకరిది అయితే, ఇంటి యజమాని తన ఇంట్లోనే కూలివాడవుతాడు.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు: అతిథికి గది ఇచ్చే కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలి. కేంద్ర పర్యాటక శాఖ గృహవసతి పథకంలోని నియమమూ ఇదే. గదుల సంఖ్యకు ఆరు గరిష్ఠ పరిమితి. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుండి అమలు చేస్తున్న నియమాల ప్రకారం 30 దినాలకు లోపు బసకు ఇచ్చే వారు ఆ ఇంట్లోనే ఉండాలి. అతిథులు ఇద్దరికి మించరాదు. బార్సిలోనా నగరపాలకులు 2028 నాటికి పర్యాటక గృహాల అనుమతులన్నింటికీ స్వస్తి చెప్పగలమని 2024లో ప్రకటించారు. ఆ నగరాలు ఇండ్ల కొరత ముదిరిన పిమ్మట మేల్కొన్నాయి. బస్తర్‌కు ముందే మేల్కొనే అవకాశం ఉన్నది.

కనుక పట్టణంలో కిరాయిదారుకు రాతపూర్వకమైన ఒప్పందం, పల్లెలో అతిథిని ఆదరించే కుటుంబానికి సంపూర్ణ యాజమాన్యం — ఈ రెండూ కలసి నడవాలి. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు 1996 నాటి పెసా చట్టం ఇచ్చిన స్థానాన్ని ఇందుకు వినియోగించుకోవాలి. ఏ ఇండ్లు అతిథులను స్వీకరిస్తున్నవో, రాబడి ఎవరికి చెందుతున్నదో గ్రామసభకు తెలియాలి.

ఒక ప్రాంతం వారు మరొక ప్రాంతం వారి ఇంట భోజనం చేయడం జాతీయ సమైక్యతకు మంచి బాట. అయితే వడ్డించే చేయి ఆ ఇంటివారిదే కావాలి. ఆ ఇల్లూ వారిదిగానే నిలవాలి.