తుడుచుటకు ముందు తరలింపు

కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. ఆనకట్ట పూర్తియైనచో నాగార్జునకొండ లోయ నీట మునుగును. కావున శంకుస్థాపనకు ముందే, 1954లోనే, పురావస్తుశాఖవారు అచట త్రవ్వకములు మొదలిడి 1960 వరకు సాగించిరి. బయల్పడిన శిల్పములను, కొన్ని కట్టడములను నేడు ద్వీపముగా నున్న కొండపైకి చేర్చిరి. నల్లగొండ వైపున ఏలేశ్వరమునందును త్రవ్వకములు జరిగెను. పిమ్మట శ్రీశైలము జలాశయము వలన మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురమున మరల నిలిపిరి. నీరు నిండిన పిదప తరలించుటకు వీలుండదు గదా!

ఇంటి కంప్యూటరులోని రెండవ డిస్కును ఫార్మాట్ చేయుటయు ఇట్టి పనియే. కంప్యూటరును నడుపు వ్యవస్థ సాధారణముగా మొదటి డిస్కుపై నుండును. రెండవ దానిలో తాతల నాటి ఛాయాచిత్రములు, పట్టాదారు పాసుపుస్తకముల ప్రతులు, పిల్లల సర్టిఫికెట్లు దాచుకొందురు. ఆ డిస్కును కొత్తగా వాడుకొనవలసినప్పుడో, ఇతరులకు ఇయ్యవలసినప్పుడో ఫార్మాట్ చేయుదురు.

మొదటి పని, వలసిన వాటికి ప్రతులు తీయుట. ప్రతులు వేరొక డిస్కుపై నుండవలెను. ఒకే డిస్కును భాగములు చేసి ‘డి’, ‘ఇ’ యని పిలుచుట కలదు. ఒక భాగములోని వాటిని మరియొక భాగమున దాచినను, డిస్కు చెడినచో రెండును పోవును. ప్రతులు తీసిన పిదప రెండు చోట్లను ఫైళ్ల సంఖ్యను, పరిమాణమును పోల్చి, కొన్నింటిని తెరచి చూడవలెను.

రెండవ పని, డిస్కును గుర్తించుట. అక్షరమును మాత్రమే నమ్మరాదు, అది మారుచుండును. పరిమాణమును, పేరును సరిచూడవలెను. పెన్‌డ్రైవులు మొదలగు ఇతర పరికరములను ముందే ఊడదీయుట మేలు.

మూడవ పని, పద్ధతిని ఎన్నుకొనుట. విండోస్‌లో మాత్రమే వాడు డిస్కునకు ఎన్‌టీఎఫ్‌ఎస్ తగినది. ఇతర కంప్యూటర్లతోను వాడవలసినచో ఎక్స్‌ఫ్యాట్ అనుకూలము. ఫ్యాట్32లో 4 జీబీ గల ఫైలు పట్టదు. క్విక్ ఫార్మాట్ గ్రంథమునుండి విషయసూచికను చింపివేయుట వంటిది. పుటలు లోపలనే యుండును. ఫుల్ ఫార్మాట్ పుటలన్నిటిని సున్నలతో నింపును. కావున ఇతరులకు ఇచ్చు డిస్కునకు ఫుల్ ఫార్మాట్ చేయవలెను. దీనికి గంటల కాలము పట్టవచ్చును; కరెంటు పోకుండ జాగ్రత్తపడవలెను.

పొరపాటున వేరొక డిస్కును క్విక్ ఫార్మాట్ చేసినచో దానిపై మరేమియు వ్రాయక, వెంటనే వాడుట మానవలెను. తిరిగే పళ్లెములు గల పాత రకపు హార్డ్ డిస్కులో పాత ఫైళ్లు దొరకు ఆశ యుండును. ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ స్వల్పము.

తుది హెచ్చరిక తెరపై కనబడినప్పుడు ‘ఓకే’ నొక్కుటకు ముందు డిస్కు పేరును మరియొకసారి చదువవలెను. కొండపైకి చేర్చిన శిల్పములే నేడు చూడ దొరకుచున్నవి. ముందుగా ప్రతి తీసిన ఛాయాచిత్రములే రేపు ఇంటివారికి మిగులును.