పరీక్ష హాలులో అమానతు

పరీక్షలు దగ్గరపడగానే పిల్లల కోసం దుఆ చేయమని తల్లిదండ్రులు అడుగుతుంటారు. గురజాలకు చెందిన ఓ సోదరి మాత్రం వేరే ప్రశ్న అడిగారు: "మౌల్వీ సాబ్! మా అబ్బాయి పదో తరగతి. జవాబులు చూపించమని దోస్తులు అడుగుతున్నారు. చూపించకపోతే వాడితో ఎవరూ మాట్లాడరట. స్నేహితుడికి సాయం చేయడం పుణ్యమే కదా అంటున్నాడు. ఏం చెప్పాలి?"

సాయం చేయడం పుణ్యమే. అయితే మంచి పనుల్లో, దైవభీతిలో పరస్పరం తోడ్పడమని ఆజ్ఞాపించిన దివ్య ఖురాన్, పాపంలో తోడ్పడవద్దని కూడా ఆజ్ఞాపించింది (అల్ మాయిదా: 2).

కాపీ కొట్టడం పాపమెలా అవుతుంది? దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వ్యాపారి. జనానికి కనబడేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మోసగించేవాడు తనవాడు కాదన్నారు (సహీహ్ ముస్లిం). కాపీ కొట్టిన జవాబుపత్రం కూడా అలాంటిదే. పైన తన నంబరు, లోపల పరుల చదువు!

ఇందులో దాసుల హక్కు కూడా ఉంది. మన రాష్ట్రంలో ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి మార్కులను బట్టే ఇస్తారు. దొంగ మార్కులతో ఒకరు ముందుకెళితే, రాత్రింబవళ్ళు కష్టపడిన ఓ పేదబిడ్డ సీటు పోవచ్చు. ఆ బిడ్డ ఎవరో తెలియనప్పుడు ఎవరి దగ్గరికెళ్ళి క్షమాపణ అడుగుతాం?

పరీక్షల్లో అక్రమాలను అరికట్టడానికి 1997లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. అయినా 2022 ఏప్రిల్‌లో పదో తరగతి ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగాయి; ఉపాధ్యాయులే అరెస్టయ్యారు. అల్లాహ్ చూస్తున్నాడన్న భయం లేనిచోట చట్టం ఒక్కటే ఏం చేయగలదు?

మరి ఆ అబ్బాయి ఏం చేయాలి? దౌర్జన్యపరుడైన సోదరునికి కూడా సహాయపడమన్నారు ప్రవక్త (స). అదెలాగని అనుచరులు అడిగితే, దౌర్జన్యం చేయకుండా అతన్ని ఆపడమే సహాయమని వివరించారు (బుఖారీ). కనుక హాలులో జవాబు చూపించకూడదు. పరీక్షకు ముందే దోస్తును ఇంటికి పిలిచి, రాని లెక్క నేర్పించాలి. నలుగురిలో అవమానించకుండా ఒంటరిగా నచ్చజెప్పాలి. ప్రశ్నపత్రమే బయటికొస్తే మాత్రం దాచకుండా పెద్దలకు చెప్పాలి. ఇదివరకు తప్పు జరిగి ఉంటే పశ్చాత్తాపపడి తౌబా చేసుకోవాలి. అల్లాహ్ కారుణ్య ద్వారం తెరిచే ఉంది.

అమ్మీ అబ్బాలకూ ఒక మాట. బిడ్డ ఇంటికి రాగానే "ఎన్ని మార్కులొస్తాయి?" అని అడుగుతాం. "నిజాయితీగా రాశావా బేటా?" అని కూడా అడుగుదాం. తక్కువ మార్కులతో తలెత్తుకుని వచ్చిన బిడ్డను కొట్టకండి, తిట్టకండి, దగ్గరికి తీసుకోండి. లేకపోతే మోసాన్ని మన ఇంట్లో మనమే నేర్పినవాళ్ళమవుతాం.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, సత్యంపై నిలిచే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.