విమానం కాళ్ళకు రబ్బరు తాళ్ళు

అమెరికాలో పైపర్ కబ్ అనే చిన్న విమానం ఉంది. రంగు పసుపు. ఒకరి వెనుక ఒకరు ఇద్దరు కూర్చోవచ్చు. 1938 నుండి 1947 వరకు ఇవి 20 వేలకు దగ్గరగా తయారయ్యాయి. వాటిలో చాలా విమానాలు ఇప్పటికీ ఎగురుతున్నాయి.

ఇంత పాత విమానం ఎట్లా ఎగురుతోంది? జాగ్రత్తగా చూసుకోబట్టి.

ముందు దాని కాళ్ళ సంగతి చూడండి. ముందు రెండు కాళ్ళు, వాటికి రెండు చక్రాలు. తోక కింద ఒక చిన్న చక్రం. ఖాళీ విమానం బరువు సుమారు 350 కిలోలు. నేలకు దిగేటప్పుడు ఆ బరువంతా కాళ్ళమీద పడుతుంది. అప్పుడు కాళ్ళు పక్కలకు విచ్చుకుంటాయి. వాటిని మళ్ళీ దగ్గరకు లాగేది లావుపాటి రబ్బరు తాడు. కుదుపు తగ్గించేది కూడా అదే.

సైకిల్ ట్యూబు ఎండకు ఏమవుతుంది? బీటలు వారుతుంది. ఈ తాడూ అంతే. వయసు మీరితే సాగిపోతుంది. నూనె తగిలితే పాడవుతుంది. దిగేటప్పుడు తాడు తెగిందా, కాలు పక్కకు పోతుంది. విమానం ఒరుగుతుంది. రెక్క నేలకు తగులుతుంది. లోపలివాళ్ళ ప్రాణాలకే ముప్పు.

తాడు మీద తొడుగు ఉంటుంది. పైకి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే మెకానిక్ తొడుగు విప్పి చూస్తాడు. తాడు అల్లికలో రంగు దారాలు ఉంటాయి. అది ఏ ఏడు తయారయిందో ఆ రంగులే చెబుతాయి. కాళ్ళ గొట్టాలకు తుప్పు పట్టిందేమో కూడా చూస్తాడు.

పాత తాడు తీసి కొత్తది వేయడం తేలిక కాదు. ముందు విమానాన్ని పైకి లేపి గట్టిగా నిలబెట్టాలి. తర్వాత పనిముట్టుతో తాడును సాగదీయాలి. జారితే చేతికి దెబ్బ తగులుతుంది.

కొందరు తాడుకు తోడుగా ఉక్కు తీగ కూడా కడతారు. తాడు తెగినా తీగ కాలును పట్టి ఉంచుతుంది. పాత బ్రేకులు తీసి, మోటారు సైకిల్‌కు ఉన్నట్టు డిస్కు బ్రేకులు వేయిస్తారు. కానీ వాటిని గట్టిగా తొక్కితే విమానం ముక్కు నేలకు కొట్టుకుంటుంది. మెల్లగా తొక్కాలి.

ఏ సామాను పడితే అది బిగించకూడదు. ప్రభుత్వ విమాన శాఖ ఒప్పుకున్నదే బిగించాలి.

ఇది మగవాళ్ళ పనే అనుకోకండి. షికాగోలో విల్లా బ్రౌన్ అనే నల్లజాతి మహిళ 1930లలోనే విమాన మెకానిక్ సర్టిఫికెట్ సంపాదించింది. విమానం నడిపింది. ఎందరికో నేర్పింది.

పని అయ్యాక మెకానిక్ పుస్తకంలో రాస్తారు. ఏ తేదీన, ఏ పని చేశారో రాసి సంతకం పెడతారు. ఏడాదికోసారి తనిఖీ జరగాలి. అది జరిగినట్టు రాత, సంతకం లేకపోతే విమానం ఎగరడానికి వీల్లేదు. ఇన్నేళ్ళుగా ఆ విమానాన్ని రబ్బరు తాడుతో పాటు ఆ రాత కూడా కాపాడుతోంది.

ఆలోచించి చెప్పండి
1. తొడుగు విప్పి ఎందుకు చూడాలి?
2. ఉక్కు తీగ వల్ల లాభం ఏమిటి?
3. చేసిన పని రాసి పెట్టకపోతే ఏమవుతుంది?