కొండ ఊరిలో పాత జీపు - కొనుటకు ముందు చూడవలసినవి

మన గ్రామములలో మోటారు బండి నేడు విలాసవస్తువు కాదు. కొండ ప్రాంతములందు నిండుచూలాలిని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చవలెనన్నను, కాఫీ గింజలను, మిరియములను సంతకు తరలింపవలెనన్నను బండియే ఆధారము. క్రొత్త బండి కొను స్తోమత లేనివారు నలుగురు కలిసి పాతదానిని కొనుచున్నారు. ఇందు తప్పు లేదు. కాని కొండమీద చెడ్డ బండిని కొన్నవారు సొమ్మునే కాక ప్రాణములను కూడ పోగొట్టుకొను ప్రమాదము కలదు. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయము తెలిసికొని, తమ గ్రామస్థులకు సలహా చెప్పగలిగియుండుట మంచిది.

అరకులోయనే ఉదాహరణముగా తీసికొందము. ఈ ఊరు విశాఖపట్నమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తున నున్నది. యాత్రికులను బొర్రా గుహలకు, అనంతగిరికి త్రిప్పు జీపులు, కార్లు ఇచ్చట అనేకము. కొన్నేండ్లు తిరిగిన పిమ్మట వీనిలో కొన్ని అమ్మకమునకు వచ్చును. ఇవి ఒకనాడు సముద్రతీరపు ఉప్పుగాలిలో నుండును. మరునాడు కొండవానలో తడియును. ఎక్కునప్పుడు క్లచ్చి అరుగును. దిగునప్పుడు బ్రేకులు అరుగును. కావున మీటరులోని కిలోమీటర్లను మాత్రమే చూచి మోసపోరాదు. ఘాటులో తిరిగిన బండి మైదానమున తిరిగిన దానికంటె త్వరగా అరుగును.

చల్లని ఇంజను నిజము చెప్పును

ఒక చలికాలమున కొందరు రైతులతో కూడ మేమును అచ్చట ఒక జీపును చూడబోతిమి. రంగు మెరయుచున్నది. ఇంజను ఒక్క తిప్పునకే అందుకొన్నది. రైతులు బయానా తీయబోవుచుండగా వారిలో ఒక పెద్దాయన బానెట్టుపై చేయి వేసి, "బాబూ, మేము రాకముందే దీనిని నడిపినారా? వెచ్చగా నున్నదే!" అని అడిగెను. అమ్మువాడు బదులు చెప్పలేదు. మరునాటి ఉదయము మరల వెళ్లి చల్లని ఇంజనును మా యెదుటనే నడిపించితిమి. చాలసేపు మొరాయించి, నీలపు పొగ చిమ్మినది. రైతులు ఆ ఏటి కాఫీ సొమ్మును జేబులోనే ఉంచుకొని ఇంటికి మరలిరి.

నీలపు పొగ ఇంజనులో ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. నల్లపొగ ఇంధనము సరిగా కాలుట లేదని తెలుపును. తెల్లపొగ విషయమున తొందరపడరాదు. చలి ఉదయమున మొదట కొంత తెల్లని ఆవిరి వచ్చుట సహజము; ఇంజను వేడెక్కిన పిమ్మటను అది ఆగక, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో లోపము పెద్దదే.

బండి క్రింద చూడుడు

పైన రంగు వేయుట సులభము. అడుగున దాచుట కష్టము. తలుపుల క్రింది అంచులను, చక్రముల పై రేకును, ఛాసిస్సును తుప్పుకై చూడవలెను. ఒకచోట మాత్రమే క్రొత్త రంగున్నచో కారణ మడుగవలెను. టైరుల గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గియుండరాదు. టైరు ప్రక్కనుండు నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము.

బ్రేకు, క్లచ్చి పరీక్ష

ఇంజను నడుచుచుండగా బ్రేకు పెడలును అరనిమిషము గట్టిగా అదిమి పట్టుడు. అది మెల్లగా దిగిపోవుచున్నచో ఎచ్చటనో కారుట కలదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిలు ఘాటు దిగునప్పటి వేడికి మరిగి ఆవిరి బుడగలు గట్టును. అంతట పెడలు తొక్కినను బండి ఆగదు. కావున ఆయిలు ఎప్పుడు మార్చిరో అడుగవలెను.

నడుపు పరీక్షను తొలుత ఖాళీగానున్న సమతలమున నెమ్మదిగా చేయవలెను. బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగరాదు. పిదప చిన్న యేటవాలుపై చేతిబ్రేకు వేసి నిలిపి చూడవలెను. ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను రొద పెరిగి వేగము పెరుగనిచో క్లచ్చి జారుచున్నదని తెలియును. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసికొనిపోవుడు. అతడు అమ్మువాని మనిషి కారాదు.

కాగితములు

ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్సు నంబర్లను బండిపైనున్న వానితో అంకె అంకె సరిచూడవలెను. అప్పు తీరనిచో అప్పిచ్చిన సంస్థ అనుమతి లేనిదే కొనరాదు. పొరుగునున్న ఒడిశాలో నమోదైన బండియైనచో అచ్చటి అధికారి నిరభ్యంతర పత్రము కావలెను. పన్ను ఖర్చును ముందే లెక్కించుకొనవలెను. కొన్న 30 దినములలోపల పేరు మార్పునకు, 14 దినములలోపల బీమా మార్పునకు దరఖాస్తు చేయవలెను.

పొత్తుగా కొనునపుడు బండి ఎవరి పేర నుండునో ముందే నిర్ణయించి వ్రాసికొనుడు. ప్రమాదము జరిగినచో రిజిస్టరులో పేరున్నవాడే బాధ్యుడగునని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సొంత వాహనముగా నమోదైన దానిలో కిరాయికి మనుషుల నెక్కించుట చట్టవిరుద్ధము.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున పొత్తుగా కొన్న బండ్లు ఎవరి పేర నున్నవి?
2. వాని బీమా ఎప్పటివరకు చెల్లును?
3. బ్రేకులను చివరిసారి ఎప్పుడు చూపించిరి?

బండి బాగున్నదని అమ్మువాడు చెప్పుట సహజము. అది నిజమో కాదో మరునాటి ఉదయము వెళ్లి చూచుట కొనువాని విధి. ఒక్కరాత్రి ఆగినందువలన మంచి బండి ఎక్కడికిని పోదు.