మన నెత్తురు, మన యెముక

విద్యార్థులారా, పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలో కర్మాగారములును, వాటి ప్రక్కనే పరుగులిడు జాతీయ రహదారియు నున్నవి. ఇచట ఎముక విఱుగుట యనునది వినని మాట కాదు. గత సంవత్సరము మా బాలు రొకని తండ్రికి రోడ్డు ప్రమాదమున కాలియెముక విఱిగి, ఏడు మాసము లైనను అతుకలేదు. ఆయన మాయొద్దకు వచ్చి, “సారూ, నా నెత్తురే తీసి నా బొక్కకు పెడ్తరంట. పైసలు వేరేగ కట్టాల్నట. నిజంగ పని చేస్తదా?” అని యడిగెను. తొందరపడి యుత్తర మీయక, మేము చదివి తెలిసికొన్న దానిని ఇచట వ్రాయుచున్నాము.

అతుకని యెముకకు వైద్యులు చేయు ప్రధాన చికిత్స ఎముక అంటు. రోగియొక్క తుంటియెముకనుండి మెత్తని లోపలి భాగమును కొంత తీసి, ఖాళీయైన చోట నింపుదురు. 1880 ప్రాంతమున స్కాట్లండు దేశపు వైద్యుడు విలియం మాకీవెన్ ఇతరుల యెముక ముక్కలతో ఒక బాలుని చేతియెముకను నిలిపెను.

ఇక నెత్తురు మాట. డెంగ్యూ జ్వరము వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు తగ్గినవని మీ రందఱును వినియుందురు. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు సుమారు 1,50,000 మొదలు 4,50,000 వఱకు ఇవి యుండును. గాయమునుండి కారు నెత్తురును గడ్డకట్టించుటయే వీని పని యని చాలకాలము తలచిరి. కాని వీని లోపలి రేణువులలో కణములను పెరుగుటకు ప్రేరేపించు పదార్థములు గలవు. గాయమున అవి వెలువడి, మరమ్మతు చేయు కణములను పిలుచును. క్రొత్త రక్తనాళములు పుట్టుటకు తోడ్పడును.

వీనిని వేఱుపఱచు విధము సులభముగా బోధపడును. వానకాలమున మంజీర నీటిని కుండలో ముంచి యుంచినచో బురద అడుగున చేరి, తేటనీరు పైకి తేలును. అట్లే రోగి రక్తమును గొట్టములో పోసి యంత్రమున వేగముగా త్రిప్పగా, బరువైన ఎఱ్ఱకణములు అడుగునకు దిగును. పసుపువన్నె ప్లాస్మా పైన నిలుచును. నడుమ నొక పలుచని పొర యుండును. ఆ పొరను, దాని మీది ప్లాస్మాను తీసి మఱల త్రిప్పినచో ప్లేట్‌లెట్లు దట్టముగా నున్న ప్లాస్మా లభించును. దీనిని గడ్డకట్టించి యెముక ముక్కలతో కలిపి నింపుదురు. తన రక్తమే గనుక పరుల రక్తమువలన వచ్చు రోగభయము లేదు.

1998లో అమెరికాలో రాబర్ట్ మార్క్స్ మొదలగువారు దవడయెముక పోయిన 88 మందిని పరీక్షించిరి. ప్లాస్మా చేర్చిన అంటులు చేర్చని వానికంటె 1.62 మొదలు 2.16 రెట్లు త్వరగా పక్వమైనట్లు ఎక్స్‌రే చిత్రములలో కనబడెను. అది మొదలు దంతవైద్యులును, ఎముకల వైద్యులును దీనిని విరివిగా వాడసాగిరి. అయితే తరువాతి పరిశోధనలన్నియు ఏకీభవింపలేదు. కొన్నిట మేలు కనబడెను, కొన్నిట కనబడలేదు. 2012లో కాక్రేన్ సంస్థవారు పొడవాటి యెముకల విషయమై సమీక్షించి, నిశ్చయముగా చెప్పుటకు సాక్ష్యము చాలదనిరి.

ఈ భేదమునకు కారణ మేమి? యంత్రములు, రోగుల రక్తము, అంటు పెట్టు ఎముక ఒక్కతీరున నుండవు. మఱియు ప్లాస్మాలో ఎముకను కట్టు కణములు లేవు. వాన విత్తును మొలిపించును గాని, విత్తు చల్లని చేనిలో పంట పండింపదు. ప్రాణమున్న ఎముక కణములు అంటులో నుండవలెను, విఱిగిన కొనలు కదలకుండ నిలువవలెను, రక్తప్రసారము బాగుండవలెను. పొగాకు ఎముక అతుకుటను ఆలస్యపఱచును.

మే మాయనతో, “ఇది నాకు అవసరమా, లేక తోడు మాత్రమా? ఇది లేకున్న నేమగును?” అని వైద్యుని అడుగుమని చెప్పితిమి. వైద్యుడు అంటును, గట్టి పలకయు ముఖ్యమనియు, ప్లాస్మా లేకుండనే ప్రయత్నింపవచ్చుననియు చెప్పెనట. ఆయన అంటు పెట్టించుకొని, బీడీ మాని, నేడు కఱ్ఱ లేకయే కుమారుని బడికి తెచ్చుచున్నాడు. దీనివలన ప్లాస్మా వ్యర్థమని తలపకుడు. ఒక్కని కథతో శాస్త్రము స్థిరపడదు; అందుకే 88 మందిని పోల్చి చూడవలసివచ్చెను. క్రొత్త చికిత్స వినినంతనే నమ్మకుడు, వినకుండ త్రోసివేయకుడు. ఎందఱిని పోల్చి చూచిరో అడుగుడు.