కంప్యూటరులో పునరుద్ధరణకై విడువవలసిన చోటు

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటరుల నేర్పరచుటకై కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. సంఘ కార్యాలయపు యంత్రములో డిస్కు నిండిన యెడల పని మందగించును. అప్పుడు దేనిని తొలగింపవచ్చునో, దేనిని తొలగింపరాదో గుమాస్తా యెరిగి యుండవలెను.

విండోస్ యంత్రములలో సిస్టమ్ రిస్టోర్ అను ఏర్పాటు కలదు. క్రొత్త ప్రోగ్రాము నెక్కించుటవలన యంత్రము చెడినచో, ఇది దానిని వెనుకటి స్థితికి తెచ్చును. ఇందులకై యంత్రము దాచుకొను గుర్తులకు రిస్టోర్ పాయింటులని పేరు. ఇవి డిస్కులో కొంత చోటు నాక్రమించును.

ధాన్యమునకు చోటు చాలదని విత్తనపు గింజలను పారబోయు రైతు లేడు. అట్లని గరిసె నిండ విత్తనమే నింపువాడును లేడు. ఇచ్చటను మితమే మేలు.

చేయవలసిన విధము నిది. స్టార్టు నొక్కి, క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్ అని వెదకవలెను. తెరచుకొన్న పలకలో సి డ్రైవు నెన్నుకొని, కన్‌ఫిగర్ నొక్కవలెను. కొన్ని యంత్రములలో ఈ రక్షణ మొదటినుండియు ఆపబడి యుండును. అట్లున్నచో ఆన్ చేయవలెను. పిమ్మట మాక్స్ యూసేజ్ అను గీతపై మీటను జరిపి పరిమితి నేర్పరుపవలెను. 256 గిగాబైటుల డిస్కులో 5 శాతమనగా సుమారు 13 గిగాబైటులు; 20 శాతమనగా 51. పరిమితి నిండినప్పుడు పాత గుర్తులు తమంత తామే తొలగి క్రొత్తవానికి చోటిచ్చును. డిలీట్ అను మీట నొక్కినచో ఆ డ్రైవులోని గుర్తులన్నియు పోవును. రక్షణను పూర్తిగ నాపినను అంతే.

ఇందొక భ్రమను తొలగింపవలసి యున్నది. సిస్టమ్ రిస్టోర్ యంత్రపు అమరికను మాత్రమే సరిచేయును. తుడిచివేసిన లెక్కల పట్టీని గాని, తీర్మానపు ప్రతిని గాని ఇది తిరిగి తేజాలదు. డిస్కే పాడైనచో గుర్తులును దానితోడనే నశించును. కావున ముఖ్యమైన దస్త్రములకు వేరొక డిస్కులో నకలు తీసి, వేరొకచోట భద్రపరుపవలెను.

సభ్యులు దీనిని గుమాస్తా పనియని విడువరాదు. అప్పు తీర్చిన రైతునకు ఆ లెక్కయే ఆధారము. రాబోవు సర్వసభ్య సమావేశమున, మన దస్త్రముల నకలెచ్చట నున్నది, కడపట నెన్నడు తీసిరి, అని ప్రతి సభ్యుడు నడుగవలెనని మా మనవి.