అకుల ప్రిస్కిల్లలు, నరసాపురపు రెండు జంటలు

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 18:1-3, 24-26



అకుల ప్రిస్కిల్లలు కొరింథులో పరదేశులు. యూదులందరు రోమా విడిచి పోవలెనని క్లౌదియ ఆజ్ఞాపించినందున వారు అక్కడికి వచ్చి యుండిరి. వారి వృత్తి డేరాలు కుట్టుట. పౌలుకును అదే పని తెలిసియుండెను గనుక ఆయన వారి యింట నుండి వారితో కలిసి పనిచేసెను. వారి స్నేహము సూది దారముల యొద్ద ఆరంభమైనది. తరువాత ఎఫెసులో అపొల్లో బోధయందు కొరత కనబడినప్పుడు ఆ దంపతులు నలుగురిలో అతని తప్పుపట్టలేదు. అతనిని చేర్చుకొని విశదపరచిరి.

ఇట్టి దంపతులను దేవుడు మన గోదావరి తీరమునకును పంపెను. 1836వ సంవత్సరమున ఆంథొనీ నోరిస్ గ్రోవ్సుగారి వెంట ఇంగ్లండులోని డెవాన్ సీమ నుండి రెండు జంటలు వచ్చినవి. విలియం బౌడెన్‌గారు, ఆయన భార్య ఒక జంట; జార్జి బీరుగారు, ఆయన భార్య రెండవ జంట. ఇద్దరమ్మల పేరును ఎలిజబెత్తే. వారు మొదట బందరులో దిగి, పిమ్మట నరసాపురము చేరిరి. కాలక్రమమున పాలకొల్లును పనికి కేంద్రమాయెను.

వీరు గొప్ప ఇండ్లవారు కారు. బౌడెన్‌గారు రాతిపనివారు, బీరుగారు చెప్పులు కుట్టువారు. నెల నెల జీతము పంపు మిషను సంఘమేదియు వారి వెనుక లేదు. తోలుపని చేయువానిని వాకిట నిలువబెట్టు దేశమునకు, తోలుపని చేసిన చేతులతోనే ఒక సువార్తికుడు వచ్చెను. ఈ సంగతిని మనము మరువకూడదు. మన తాతలలో ననేకులు కూలిపనిచేత బ్రదికినవారే గదా!

ఆ దినములలో ఈ సీమ నేటివలె పచ్చగా నుండలేదు. ధవళేశ్వరము ఆనకట్ట పని కాటన్ దొరగారి చేతిక్రింద 1847లో మొదలై 1852లో ముగిసినది. ఆ పనికి వేలాది కూలీలు కూడి రాగా, సువార్తికులు ఆ కూలీల నడుమకే వెళ్లిరి. పనియున్న చోటనే మనుష్యులుందురని పనివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

బీరుగారు 1853లో నిద్రించిరి. ఒకే ఓడ ప్రయాణమున వచ్చిన స్నేహితుడు పోయినను బౌడెన్‌గారు ఇక్కడనే నిలిచి, 1876లో తాము మరణించువరకు, నలువది యేండ్లు సేవచేసిరి. బీరుగారి కుమారులును ఈ సీమయందే సువార్త పనిలో ప్రవేశించిరి. తాము పుట్టిన యూరికంటె ఈ యూరిలోనే వారికి ఎక్కువమంది తెలిసినవారై యుందురు.

ఈ పాఠమును మేము ఆలస్యముగా నేర్చుకొంటిమని ఒప్పుకొనవలెను. రొయ్యల చెరువుల పనికి ఒడిషా నుండి వచ్చిన ఒక దంపతులు మా గ్రామపు చెరువు గట్టున పాకలో నుండిరి. మేము వెళ్లి కరపత్రమిచ్చి, ప్రార్థన చేసి వచ్చితిమి. వారి పేరులైనను అడుగలేదు. కొన్నాళ్లకు ఆ చిన్నదానికి జ్వరము వచ్చినదని విని మా సంఘములోని ఒక ముసలమ్మ గంజి కాచి తీసికొని వెళ్లెను. ఒకరి భాష ఒకరికి రాదు. అయినను ఆమె సాయంకాలము వరకు అక్కడనే కూర్చుండెను. మరుసటి ఆదివారమున ఆ దంపతులు వచ్చి ఆమె ప్రక్కనే చాపమీద కూర్చుండిరి. మేమిచ్చిన కరపత్రము తెలుగులో నున్నదని మాకు అప్పుడు గాని తోచలేదు.

మన కుటుంబములలో కొందరి కుమార్తెలు నేడు కువైటులో ఇంటిపనిలో నున్నారు. అక్కడ ఒక్కరైనను మన బిడ్డను పేరుపెట్టి పిలిచి, తిన్నావా అని అడుగవలెనని ప్రతి రాత్రి ప్రార్థించుచున్నాము. మన చెరువుగట్టున నున్న చిన్నదాని తల్లియు అట్లే కోరుచుండును గదా?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆలోచింపవలసినవి:

1. అకుల ప్రిస్కిల్లల యింట ఎవరెవరికి చోటు దొరికెను? (రోమా 16:3-5, 1 కొరింథీ 16:19 కూడ చూడుడి.)

2. మన చేతిపనిచేత మనకు కలిగిన స్నేహితులెవరు?

3. మన యూరికి క్రొత్తగా వచ్చినవారిలో ఎవరి పేరు మనకు ఇంకను తెలియదు? ఈ వారమే వెళ్లి అడుగుదము.